తనంత తాను తెరచుకొను ద్వారము

హిందూపురమునుండి గాని, పెనుకొండ, ధర్మవరములనుండి గాని బెంగుళూరునకు రైలెక్కి పోవువారికి ఒకే దినమున రెండు విధములైన స్టేషనులు ఎదురగుచున్నవి. తమ యూరి స్టేషనులో వారిని అడ్డగించు తలుపేదియు లేదు. టికెట్టు కొని, జేబులో వేసికొని, ప్లాట్‌ఫారము మీదికి నడచిపోవుదురు. దారిలో ఎవరైన అడిగినచో చూపుదురు; అడుగనిచో అది జేబులోనే యుండును. ఆ ప్రయాణికులే యశ్వంతపురములోనో, మెజస్టిక్కు దగ్గరనో దిగి మెట్రో రైలు నెక్కబోయినపుడు, నడుమెత్తున రెండు రెక్కలు మూసికొని నిలిచిన యంత్రమొకటి ఆపును. అది పలుకరించదు. చార్జీ చెల్లించిన గుర్తు చూపినచో రెక్కలు తొలగును, లేకున్న కదలవు. యశ్వంతపురము మెట్రో స్టేషను 2014లోను, మెజస్టిక్కున నేల క్రిందనున్న స్టేషను 2016లోను తెరచిరి. ఈ యంత్రద్వారము ఎక్కడ పుట్టినది, దానికి ముందు ఆ పని చేసినదెవరు అను విషయములను ఇప్పుడు కొంత ముచ్చటించుకొందము.

ద్వారమున నిలిపి రుసుము పుచ్చుకొనుట మన సీమకు క్రొత్త కాదు. పెనుకొండ విజయనగర రాజుల ముఖ్య దుర్గములలో నొకటి. 1565 నాటి పరాజయము తరువాత రాజధాని కూడ నైనది. ఆ సామ్రాజ్యమున సుంకపు రాబడి చాల పెద్దది. 16వ శతాబ్దిలో విజయనగరమును చూచిన పోర్చుగీసు గుర్రపు వర్తకుడు నూనిజ్ ఒక ముచ్చట వ్రాసియుంచినాడు. నగరద్వార మొకదానిని ఏటికి 12,000 పర్దావులకు, అనగా మన వరహాలకు, గుత్తకిచ్చెడివారట. గుత్తదారులు అడిగినది చెల్లించక స్వదేశి గాని, పరదేశి గాని లోపలికి పోజాలడట. సరకులతో దినమునకు రెండువేల యెద్దులు వచ్చెడివనియు, ప్రతి యెద్దునకును పన్ను కలదనియు, కొమ్ములు లేని బోడి యెద్దులకు మాత్రము రాజ్యమున ఎక్కడను పన్ను లేదనియు ఆయన చెప్పినాడు. ఈ బోడి యెద్దుల మినహాయింపును శ్రోతలు కొంచెము గుర్తుంచుకొనవలెనని మా కోరిక. సుంకరి వద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అని మనవారు సామెత చేసిరి గాని, ఎంత కఠినుడైన సుంకరికిని ఎద్దు తలవైపు చూచు కన్నులుండెను.

రైలు వచ్చిన తరువాత ఆ కన్నులు గేటు వద్ద నిలిచిన టికెట్టు కలెక్టరునకు సంక్రమించినవి. గుంతకల్లునుండి హిందూపురము మీదుగ బెంగుళూరునకు పోవు మీటరుగేజి మార్గము 1890ల దశకమున పడినది. దానితోపాటు మన పల్లెలకు దళసరి అట్టముక్క టికెట్టు వచ్చినది. ఇంచుమించు రెండున్నర అంగుళముల పొడవును సాగని ఆ ముక్కను కనిపెట్టినవాడు ఇంగ్లండులో టామస్ ఎడ్మండ్సన్ అను స్టేషను మాస్టరు. ఆయన అంతకుముందు వడ్రంగపు పనిలో నుండి, వ్యాపారమున దివాలా తీసి, న్యూకాజిల్–కార్లయిల్ రైలు మార్గమున ఒక చిన్న స్టేషనులో కొలువునకు చేరెను. అప్పటివరకు గుమాస్తాలు చీటీలను చేతితో వ్రాసి యిచ్చుచుండిరి. 1830ల చివర ఎడ్మండ్సన్ ముందుగనే అచ్చువేసిన టికెట్టులపై వరుస సంఖ్యలు వేయించి, అమ్మునపుడు తేదీ గ్రుద్దు చిన్న యంత్రమును గూడ చేసెను. సాయంకాలమున ఏ సంఖ్య వరకు అమ్ముడుపోయినదో చూచిన చాలును, పెట్టెలో ఎంత పైకముండవలెనో తెలియును. కనుక ఆ టికెట్టు మొదట లెక్క అడిగినది ప్రయాణికుని గాదు, గుమాస్తాను! నేటి యంత్రద్వారమునకు ఈ గుణము వంశపారంపర్యముగ వచ్చినది. ఎవరు ఎక్కడ ఎక్కిరి, ఎక్కడ దిగిరి, ఏ గంటలో ఎంతమంది వచ్చిరి అను లెక్క దానికి చార్జీ వసూలుతో సమానమైన పని.

మనిషి లేని గేటు ఆలోచన మహానగరములలో పుట్టినది. న్యూయార్కు భూగర్భ రైలు 1904 అక్టోబరు 27న నడచినపుడు, కాగితపు టికెట్టు కొని గేటు వద్ద పెట్టెలో వేయుచుండిరి; ఆ పెట్టెకు కావలిగ ఒక మనిషి. 1920ల దశకమున నాణెము వేసిన తిరుగు చక్రపు గేటులు వచ్చి ఆ మనిషిని తొలగించినవి. ఎంత దూరమైనను చార్జీ 5 సెంట్లే. కనుక యంత్రమునకు ఒక్క నాణెమును గుర్తుపట్టు తెలివి చాలినది. ఆ 5 సెంట్ల చార్జీ 1948 వరకు మారలేదు. 1953లో చార్జీ 15 సెంట్లు కాగా చిక్కు వచ్చినది. ఆ విలువకు ఒకే నాణెము లేదు. రెండు రకముల నాణెములను కూడి లెక్కించుట ఆ గేటునకు చేతగాదు. అందుచేత నగరమువారు ప్రత్యేకముగ ఒక లోహపు బిళ్ళను ముద్రించి అమ్మిరి. యంత్రమునకు మానవుడు సర్దుకొనుట అప్పుడే మొదలైనదనవచ్చును.

దూరమును బట్టి చార్జీ మారు చోట నాణెపు గేటు పనికిరాదు. ప్రయాణికుడు ఎక్కడ ఎక్కెనో గేటు చదువగలుగవలెను. లండను భూగర్భ రైల్వేవారు 1964 జనవరిలో స్టాంఫర్డ్ బ్రూక్ స్టేషనులో అట్టి గేటును పరీక్షకు నిలిపిరి. టికెట్టు వెనుక అయస్కాంత గుణముగల పూత పూసి, అందు సమాచారమును వ్రాసిరి. జపానులో ఒసాకా శివారుననున్న కిటాసెన్రి స్టేషనులో 1967 మార్చిలో హన్‌క్యూ రైల్వే వరుసగ ఇట్టి గేటులను నెలకొల్పినది. వాటిని చేసినది తతేయిసి విద్యుత్ సంస్థ. తరువాత దానికే ఆమ్రాన్ అను పేరు వచ్చినది. ఉదయమున గుంపులుగ వచ్చు ప్రయాణికులు టికెట్టును వంకరగ దూర్చిన, దానిని లోపల సరిచేయుటెట్లు అను చిన్న సమస్య వారిని చాల బాధించినదట. ఒక ఇంజనీరు ఏటి యొడ్డున కూర్చుండి, తేలివచ్చు వెదురాకు రాతికి తగిలి తిరిగి నిలువుగ సాగిపోవుట చూచి ఉపాయము గ్రహించెనని ఆ సంస్థవారు చెప్పుకొందురు. మార్గమున చిన్న మెట్టునుంచిరి. టికెట్టు దానికి తగిలి తిన్నన యగును.

మన దేశమున భూగర్భ రైలు 1984 అక్టోబరు 24న కలకత్తాలో ప్రారంభమైనది. అక్కడ అయస్కాంతపు పట్టీగల టికెట్టులు పోయి 2011లో బిళ్ళలు వచ్చినవి. ఆ సంవత్సరమే బెంగుళూరు మెట్రో మొదటి భాగము నడచినది. తెలుగు నేలమీద మొదటి మెట్రో హైదరాబాదున 2017 నవంబరు 28న మియాపూరులో ప్రారంభమైనది. నాగోలు వరకు 30 కిలోమీటర్లు, 24 స్టేషనులు. మార్గము నేల క్రింద గాక స్తంభములపై సాగును. అదే నగరమున 2003 నుండి నడచుచున్న ఎం.ఎం.టి.యస్. రైళ్ళకు ఇట్టి గేటులతో ఆరంభము జరుగలేదన్న సంగతి గమనింపదగినది.

బిళ్ళ కథ చిత్రమైనది. ప్లాస్టిక్కు లోపల సన్నని తీగచుట్టయు, ఆవగింజను తలపించు సూక్ష్మయంత్రమును ఉండును. అందు బ్యాటరీ లేదు. గేటు వెదజల్లు విద్యుత్తరంగములనుండియే అది ప్రాణము పోసికొని తన సంఖ్య చెప్పును. గేటు దానిమీద స్టేషను పేరును, కాలమును వ్రాసి రెక్కలు తెరచును. దిగిన చోట సందులో వేసిన, సరిచూచి మింగివేయును. అదే బిళ్ళ మరల మరొకరికి అమ్ముడగును. కట్టినదానికంటె దూరము పోయినను, స్టేషనులో నియమించిన కాలమునకు మించి ఉన్నను రెక్కలు తెరచుకొనవు. అగ్నిప్రమాదము సంభవించినను, విద్యుత్తు పోయినను మాత్రము తెరచియే యుండవలెనన్న నియమము కలదు.

ఇక పిల్లల మాట. పెద్ద రైలులో ఐదేండ్లలోపు బిడ్డకు టికెట్టు లేదు. ఆ ఐదేండ్ల గీత దగ్గర తల్లులకును టికెట్టు కలెక్టర్లకును జరిగిన వాదములు మన ప్రయాణముల చరిత్రలో ఒక పెద్ద అధ్యాయము. మెట్రోలో వయస్సు అడుగరు. మూడడుగుల ఎత్తు లోపల ఉన్న బిడ్డకు టికెట్టు లేదు. యంత్రము ఎత్తును కొలువగలదు, వయస్సును కొలువలేదు. తల్లిమాట నమ్మి పంపవలెనా, మానవలెనా అను ప్రశ్నయే అక్కడ పుట్టదు.

ఈ సౌకర్యమును మేము తక్కువచేయుట లేదు. ఉదయపు రద్దీలో ఒక్క మనిషి నిలిచి వేలకొలది టికెట్టులు చూచుట కల్ల. లంచము, పక్షపాతము, దూషణము గేటునకు తెలియవు. కాని 2020లో జరిగినది మరువరాదు. మహమ్మారి వలన మార్చిలో నిలిచిన బెంగుళూరు మెట్రో సెప్టెంబరు 7న తిరిగి నడచినపుడు, చేతులు మారు బిళ్ళలను ఆపివేసి, కార్డు గలవారినే లోపలికి పంపిరి. ఆరోగ్య దృష్ట్యా ఆ జాగ్రత్త సమంజసమే. నిత్యము పోవువారికి కార్డు ముందే కలదు. నెలకో, రెండు నెలలకో ఆసుపత్రి పనిమీద హిందూపురమునుండి వచ్చు వృద్ధునకు అది లేదు. చేతిలో పైకముండియు ఒక్క ప్రయాణము కొనలేడు. 2022 చివరి మాసములలో హైదరాబాదు, బెంగుళూరు మెట్రోలు రెండును వాట్సాప్ ద్వార టికెట్టు ఇచ్చుట ప్రారంభించినవి. ఫోనులోని చుక్కల చతురస్రమును గేటునకు చూపిన చాలును. యువకులకు ఇది సుఖము. ఫోను లేని ప్రయాణికునకు నాణెము పుచ్చుకొను కిటికీ తెరచియుండుట అంతకంటె ముఖ్యమని మా అభిప్రాయము. నూనిజ్ చెప్పిన బోడి యెద్దును గుర్తించుటకు ద్వారము వద్ద ఎవరో ఒకరు ఉండవలెను గదా!

అట్లని మెట్రోవారు మనిషిని పూర్తిగ తీసివేయలేదు. గేటుల వరుస ప్రక్కన గాజు గదిలో ఉద్యోగి ఉండును. బిళ్ళ పనిచేయకున్నను, పొరపాటున దూరము పోయినను అక్కడ చెప్పవలెను. తేడా కట్టించుకొని దారి యిచ్చును. చక్రముల కుర్చీలో వచ్చువారికిని, సామానుతో వచ్చువారికిని ఆ గది దగ్గర వెడల్పైన గేటు ఒకటి వేరుగ కలదు. పట్టుచీరల మూటతో వచ్చు ధర్మవరము నేతగాండ్రు ఇరుకు రెక్కల మధ్య మూటను నెట్టుకొనక, ఆ వెడల్పు గేటు తెరువుమని అడుగవచ్చును.