హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే పిల్లల చదువులు, ఇళ్ల ధరలు అయ్యాక మాట మళ్లేది దీనిమీదికే: "హెచ్-1బి వీసా ఎక్స్‌టెన్షన్ ఎప్పుడు? త్వరగా తేల్చే ప్రీమియంలో వేశారా?" పదిహేనేళ్లుగా అక్కడే ఉండి, ఇల్లు కొనుక్కుని, పన్నులు కడుతున్నవాళ్లు కూడా మూడేళ్లకోసారి ఈ గండం దాటాల్సిందే. తాత్కాలికంగా వచ్చిన ఉద్యోగికి ఇన్నేసి పొడిగింపులు ఎక్కడినుంచి వచ్చాయి?

మూలం 1952 నాటి వలస చట్టం. అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినా కాంగ్రెస్ లెక్కచేయకుండా దాన్ని నెగ్గించింది. వలసదారులు కాని విదేశీయులను ఆ చట్టం అక్షరాల వరుసలో పేర్చింది. ఎ దౌత్యవేత్తలకు, బి సందర్శకులకు, ఎఫ్ విద్యార్థులకు పోగా, ఎనిమిదో అక్షరమైన హెచ్ తాత్కాలిక ఉద్యోగులకు దక్కింది. పిటిషన్ వేసేది ఉద్యోగి కాదు, యజమాని. ఆ తర్వాత ఎన్ని సవరణలు వచ్చినా మామూలు ఉద్యోగి విషయంలో ఈ పద్ధతి మారలేదు. బతుకు ఒకరిది, సంతకం మరొకరిది. ఎక్స్‌టెన్షన్‌లోని భయమంతా ఇక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

మొదట్లో మనిషే కాదు, చేసే పని కూడా తాత్కాలికమే కావాలన్నారు. 1970లో హెచ్-1 వర్గానికి ఆ షరతు ఎత్తేశారు. కొలువు శాశ్వతం, చేసేవాడు తాత్కాలికం! ఇప్పటి హెచ్-1బికి రూపమిచ్చింది 1990 చట్టం. ఏడాదికి 65,000 వీసాలు, ఒక్కొక్కరికి ఆరేళ్ల గరిష్ఠ గడువు. మొదట మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో మూడు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న పరిమితీ ఆ చట్టంలోదే. హైదరాబాద్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చినవాళ్లు వై2కె (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల సమస్య) రోజుల్లో వెల్లువలా వెళ్లాక ఆరేళ్ల గడువు, ఏడు శాతం పరిమితి ఢీకొన్నాయి. ఆరేళ్లు నిండుతున్నా గ్రీన్‌కార్డు వంతు రాదు.

2000 అక్టోబరులో వచ్చిన చట్టం దీనికో దారి చూపింది. గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన లేబర్ దరఖాస్తు వేసి ఏడాది దాటితే ఆరేళ్ల తర్వాత కూడా ఏడాది చొప్పున, యజమాని వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ ఐ-140 ఆమోదం పొంది వంతు రాకపోతే మూడేళ్ల చొప్పున పొడిగించవచ్చు. ఎన్నిసార్లన్న పరిమితి లేదు. క్యూ తగ్గించడం చేతకాక, క్యూలో నిలబడటానికి నీడ కల్పించారన్నమాట.

పొడిగింపు అంటే పాతదానికి ముద్ర కొట్టడం కాదు, పిటిషన్ మళ్లీ మొదటినుంచి వేయడమే. ఏమీ మారనప్పుడు పాత ఆమోదాన్ని గౌరవించాలని 2004లో అధికారులకు చెప్పారు. 2017లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అదే కంపెనీలో అదే పని చేస్తున్నవాళ్లకు కూడా, ఈ పనికి డిగ్రీ ఎందుకో రుజువు చేయమంటూ ఆర్ఎఫ్ఈలు (మరిన్ని ఆధారాలు అడిగే నోటీసులు) వచ్చిపడ్డాయి. 2021లో పాత పద్ధతి తిరిగొచ్చింది, 2025 జనవరి నుంచి నిబంధనల్లోకే ఎక్కింది.

పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకునే స్టాంపింగ్ వేరే కథ. 2004 జులై దాకా అమెరికాలోనే ఉండి పాస్‌పోర్టు సెయింట్ లూయిస్‌కు పోస్టులో పంపితే వీసా ముద్ర పడేది. వేలిముద్రలు తప్పనిసరి కావడంతో అది ఆగిపోయింది. ఆ ముద్ర కోసం మనవాళ్లు చెన్నై కాన్సులేట్‌కు పరుగెత్తేవారు. 2009లో హైదరాబాద్ బేగంపేట పైగా ప్యాలెస్‌లోని కాన్సులేట్‌లో వీసాలు మొదలయ్యాయి, 2023లో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకు మారింది. వీసా రావాలని చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది అన్నది అందరికీ తెలుసు. ఎక్స్‌టెన్షన్‌కు ఎన్నో ఇంకా ఎవరూ తేల్చలేదు!

2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లన్న ప్రకటన వెలువడిన వారాంతంలో, మళ్లీ అమెరికాకు రానివ్వరేమోనన్న భయంతో విమానమెక్కి కూర్చున్నవాళ్లు కూడా దిగిపోయారు. అమెరికాలో ఉంటూ వేసే పొడిగింపులకు అది వర్తించదని ఆ తర్వాత స్పష్టం చేశారు. గడువులోపు పిటిషన్ చేరితే నిర్ణయం రాకున్నా 240 రోజులు పని చేసుకోవచ్చన్న పాత వెసులుబాటు కూడా అలాగే ఉంది.

ఎక్స్‌టెన్షన్ ఆమోదమయ్యాక వచ్చే ఐ-797 కాగితాన్ని ఒకసారి పరిశీలనగా చూడండి. కింది భాగంలో చించి పెట్టుకునేలా చిన్న ముక్క ఉంటుంది. అదే ఐ-94. మీరు ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్టులోని వీసా కాదు, ఆ ముక్క మీది తేదీ. అయితే ఇండియా వెళ్లి తిరిగొస్తే విమానాశ్రయంలో కొత్త ఐ-94 ఇస్తారు, ఇక అదే చెల్లుతుంది. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే అధికారి చాలాసార్లు ఆ గడువు దాకానే ఇస్తారు. చేతిలో మూడేళ్ల ఆమోదం ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ప్రయాణానికి ముందు పాస్‌పోర్టు రెన్యూ చేయించుకోండి. దిగిన మర్నాడే ఆన్‌లైన్‌లో ఐ-94 తేదీ చూసుకోండి.