విడిది గదుల్లో కార్బన్ మోనాక్సైడ్

విదేశాల్లో రిసార్టులు, హోటళ్ళు, అద్దె ఇళ్ళలో దిగే పర్యాటకుల ప్రాణం తీయగల వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ ముఖ్యమైనది. గ్యాసు, బొగ్గు, కట్టెలు, డీజిల్ వంటివి చాలినంత గాలి అందక అరకొరగా మండినప్పుడు ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండించదు, దగ్గు తెప్పించదు. అందుకే నిద్రలో ఉన్నవారికి మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు.

రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, వాంతులు. ఊరుగాని ఊళ్ళో ఈ లక్షణాలు కనిపిస్తే తిండి పడలేదనో, రాత్రి తాగింది దిగలేదనో, కొండమీది గాలి సరిపడలేదనో అనుకుంటారు. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. హీమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనా, ఈ వాయువా అన్నది మామూలు ఆక్సీమీటర్‌కు తేడా తెలియదు. అంకె బాగానే కనిపిస్తుంది.

తిండి మీదికి పోయిన అనుమానం ఎంతకాలం నిలుస్తుందో ఈజిప్టులోని హుర్ఘాదా ఉదంతం చూపుతుంది. 2018 ఆగస్టులో అక్కడి ఎర్రసముద్రపు రిసార్టులో దిగిన బ్రిటిష్ దంపతులు కొద్ది గంటల తేడాతో చనిపోయారు. ఈ.కోలై బాక్టీరియానే కారణమని ఈజిప్టు అధికారులు ప్రకటించారు. 2023 నవంబరులో ఇంగ్లండు కరోనర్ తేల్చింది వేరు. పక్క గదిలో నల్లుల కోసం మందు కొట్టారు. రెండు గదుల మధ్య ఉన్న తలుపు సందులకు టేపు అంటించారు, అంతే. ఆ మందులో కలిపిన డైక్లోరోమీథేన్ ఆవిరి ఈ గదిలోకి చేరింది. ఆ రసాయనం ఒంట్లోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. విషం శరీరంలోనే తయారయ్యే ఇలాంటి చోట గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నా ఆదుకుంటుందని చెప్పలేం.

మిగతా ఘటనల్లో మూలం తెలిసినదే. 2006 అక్టోబరులో గ్రీసు దీవి కోర్ఫూలో, బంగళాను ఆనుకుని ఉన్న గదిలోని బాయిలర్ నుంచి వాయువు లోపలికి చేరి ఇద్దరు బ్రిటిష్ పిల్లలు చనిపోయారు. పక్కనే స్పృహ తప్పిన తండ్రి, ఆయన సహచరి బతికారు. 2022లో బహమాస్‌లో ముగ్గురు, 2025లో బెలీజ్‌లో ముగ్గురు అమెరికన్లు రిసార్టు గదుల్లోనే మరణించారు.

భారతీయులకు బాగా గుర్తున్నది నేపాల్‌లోని దామన్. సుమారు 2,300 మీటర్ల ఎత్తున్న ఆ చోట 2020 జనవరిలో కేరళ నుంచి వెళ్ళినవారు ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, ఒకే గదిలో గ్యాస్ హీటర్ వేసుకుని, తలుపులు, కిటికీలు బిగించి పడుకున్నారు. ఎవరూ లేవలేదు. తెలుగు నేలమీద గది వెచ్చబెట్టుకునే అవసరం తక్కువ. మనకు తెలిసిన ముప్పు స్నానాల గదిలోని గ్యాస్ గీజర్. నేపాల్‌లోనే 3,700 మీటర్లకు పైనున్న ముక్తినాథ్‌కు వెళ్ళే తెలుగు భక్తులకు మాత్రం హీటర్, కుంపటి రెండూ ఎదురవుతాయి. చలికి కిటికీ సందులు మూసేయాలనిపించడం సహజమే, కానీ గదిలో మంట ఉన్నప్పుడు ఆ సందే రక్ష.

బ్యాటరీతో పనిచేసే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం సంచిలో పడుతుంది. పొగ అలారం దీనికి పనికిరాదు. ఒకే గదిలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే, బయటి గాలిలోకి రాగానే తెరిపిన పడితే, తిండిని కాక గదిని అనుమానించాలి. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో శుద్ధ ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. బతికి బయటపడినవారిలో కొందరికి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడకలో తడబాటు మొదలవుతాయి.