మజా తొక్కలనే ఉన్నది

ఇగో బిడ్డా, ఆ కమలా తొక్క పారేయకు, గిట్ల తే. రంగున్న దిక్కు మంటకు పెట్టి, రెండు వేళ్ల నడుమ ఒక్కపారి ఒత్తిన అనుకో... చూసినవా, ఎట్ల చిటపటమన్నదో! అగ్గంటుకున్నది రసానికి కాదు, తొక్కల ఉన్న నూనెకు. నువ్వు తెచ్చిన జిన్ను సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉన్నది గదా, ఆ వాసనంత గీ నూనెదే. రసంల ఉండేది పులుపు.

గా ముచ్చట నాకు చెప్పింది సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ల మా మెస్ హవల్దార్. పెద్ద మీసాలాయన, మాట కరుకు. కొత్త సీసా మూత తీస్తే, సాబులకు పోసే ముందు మాతోని వాసన చూపిస్తుండె. ఐసు ఏయనియ్యకపోతుండె, చల్లబడితే వాసన ముడుసుకుంటదని. గ్లాసుల అడుగుకు ఇంత జిన్ను, దానికి సమానం నీళ్లు. నోరు కొంచెం తెరిచి పీల్వాలె. ముందుగాల నిమ్మనే దూకుతది, ముందు పోయేది గూడ అదే. దాని ఎనుక జూనిపర్ కాయ వస్తది, దేవదారు చెక్కను చిత్రిక పట్టినప్పటి వాసన. అది లేకుంటే జిన్నే కాదు. ఆఖరుకు ధనియాలు. అవును, మన చారుల ఏసుకునే ధనియాలే! వాటిల గూడ నిమ్మ పోలిక ఒకటుంటది, నమిలి చూడు.

నీళ్లు పోయంగనే తెల్లగ మబ్బు పట్టినట్టయితే నూనె దండిగున్నట్టు. ఇంకోటి చేస్తుండె ఆయన: అరచేతుల రెండు చుక్కలేసి రుద్దుడు. స్పిరిట్ ఎగిరినంక జిగట మిగిలిందా, అది చక్కెర. తొక్కలను స్పిరిట్‌ల నానబెట్టి, బట్టీల కాచి దించినదానికి జిగట ఉండదు. కాచినంక ఎసెన్సు, చక్కెర కలిపినదాన్ని ఆయన షర్బత్ అంటుండె. జిన్ను సీసా మీద లండన్ డ్రై అని రాసుకోవాల్నంటె కాచినంక ఏ వాసనా కలపొద్దు, చక్కెర లీటరుకు 0.1 గ్రాము దాటొద్దు.

గీ నిమ్మజిన్ను మీ కాలపు ఫ్యాషన్ అనుకోకు. లండన్‌ల గార్డన్స్ కంపెనీ 1929లనే ఆరెంజ్ జిన్ను తీసింది, 1931ల లెమన్ జిన్ను. అంతకు శాన ముందుగాల, 1867ల, లాక్లాన్ రోజ్ అనే స్కాట్లండ్ ఆయన నిమ్మరసాన్ని సారా కలపకుండ చక్కెరతోని నిలువుంచే ఉపాయం పట్టిండు. ఓడలోళ్లకు చిగుళ్లకెల్లి రక్తం కారే స్కర్వీ రోగం రాకుండ నిమ్మరసం కావాలె గదా. గా తీపి నిమ్మరసాన్నే కార్డియల్ అంటరు, అండ్ల జిన్ను పడితే గిమ్లెట్. మా సాబులకు గిమ్లెట్ అంటే పానం.

ఇగ టానిక్ సంగతంటవా, దాని చుట్టరికం మనూరితోనే. దోమ కడుపుల మలేరియా పురుగున్నదని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది గీ సికింద్రాబాద్‌లనే, బేగంపేట దిక్కు. గా మలేరియాకు అప్పట్ల మందు క్వినైన్. ఉత్తగ మింగలేక దొరలు దాంట్ల చక్కెర, సోడా, నిమ్మ, జిన్ను కలుపుకున్నరు. ఇప్పటి టానిక్‌ల క్వినైన్ పేరుకే, జొరం దిగదు. గని నిమ్మజిన్ను నిలబడాల్నంటె ఆ చేదు ఉండాలె.

ఒక పాలు జిన్ను, మూడు పాళ్లు టానిక్, గ్లాసు నిండ ఐసు. కలిపేటప్పుడు ఐసు ఏసుకోవచ్చు, వాసన చూసుడు అయిపోయింది గదా. టానిక్‌ను గ్లాసు గోడ పొంటి మెల్లగ పొయ్యి, లేకుంటే గ్యాసంత పోతది. చెంచాతోని ఒక్కపారి తిప్పు, చాలు. నిమ్మజిన్నుల మళ్ల నిమ్మకాయ పిండేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతది! లోపటి తెల్ల పొర గీకేసి తొక్కను మీదికెల్లి మెలిపెట్టు, అంతే. కూల్‌డ్రింకు పోస్తనంటవా, సీసా నాకిచ్చి పో.

మనోళ్లు బత్తాయి రసం పోస్తరు. బత్తాయిల పులుపేడున్నది? జిన్ను అండ్ల మునిగి చప్పగైతది. పోయాల్నంటె గూడూరు నిమ్మ అరచెక్క తోడియ్యాలె.

ఆ సీసా మీద కాయను రంగపూర్ నిమ్మ అన్నవు గదా. పేరుకు నిమ్మ, కోస్తే లోపట కమలా రంగు. నల్లగొండ దిక్కు బత్తాయి అంటు కట్టేది జంబేరి మీదనో, గీ రంగపూర్ మీదనో. వేరు దానిది, పండు బత్తాయిది. అంటు కిందికెల్లి చిగురొస్తే మా నాయిన కత్తితోని కోసి పారేస్తుండె, బత్తాయి బలమంత గుంజుకుంటదని. గా చిగురుకు కాసే కాయ ఇది. ఎంత పెట్టినవురా గీ సీసాకు?