గేమింగ్ కంప్యూటర్ కొంటున్నారా?.. ‘ఐ7’ కాదు, తోక అక్షరం చూడండి

హనుమకొండ: ఇంజినీరింగ్‌లో చేరిన కుమారుడు చదువుకూ ఆటకూ పనికొచ్చే కంప్యూటర్ కావాలంటాడు. తండ్రి చేతిలో ఉన్నది పత్తి అమ్మిన సొమ్మో, చిట్టీ ఎత్తిన సొమ్మో. ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, గేమింగ్ పీసీ’ అని రాసిన పెట్టె తక్కువ ధరకే కనిపిస్తే ఆశ పుట్టడం సహజం. కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్ఐటీ, కిట్స్ వంటి సంస్థలున్న వరంగల్ త్రినగరిలో ఏటా ఎన్నో కుటుంబాలకు ఎదురయ్యే పరిస్థితి ఇది. పరిమిత సొమ్ముతో కొనేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాం.

పేరులో పెద్ద.. పనిలో చిన్న

ఐ3, ఐ5, ఐ7 అనే అంకెలు ఒకే తరంలో ఏది పెద్దదో చెబుతాయే తప్ప తరాల మధ్య తేడాను చెప్పవు. తరాన్ని తెలిపేది ఆ తర్వాతి సంఖ్య. ఐ7-4770 నాలుగో తరానికి చెందినది, 2013లో విడుదలైంది. ఐ3-12100ఎఫ్ పన్నెండో తరానిది, 2022లో వచ్చింది. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. అయినా ఆటల్లో కొత్త ఐ3 పాత ఐ7ను చాలా వెనక్కు నెడుతుంది. చౌక పెట్టెల్లో తరచుగా కనిపించేది ఈ పాత ఐ7లే.

వేగం ఒక్కటే సమస్య కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను అధికారికంగా నడపాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 ఉండాలి. వాలరెంట్ ఆట విండోస్ 11పై టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేనిదే తెరుచుకోదు. ఏదో ఒక తంటాలు పడి పాత యంత్రంలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చినా, కుర్రవాడు ఆడాలనుకున్న ఆటే ఆడకపోవచ్చు.

కార్డు ఉన్న దారి.. లేని దారి

కొనేముందు తేల్చుకోవలసినది ఒక్కటే: ఇప్పుడే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనగలమా, లేదా? ప్రాసెసర్ ఎంపిక అంతా దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

కొనలేని పక్షంలో గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ప్రాసెసర్ కావాలి. ఏఎండీ 2021లో విడుదల చేసిన రైజెన్ 5 5600జీ ఇందుకు పేరుపొందింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. వాలరెంట్, తక్కువ సెట్టింగులతో జీటీఏ 5 వంటివి దీనిపై ఆడుకోవచ్చు. దీనికన్నా శక్తిమంతమైన రైజెన్ 5 8600జీ 2024లో వచ్చింది కానీ, దానికి ఏఎం5 మదర్‌బోర్డు, డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి కావడంతో ఖర్చు పెరుగుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. 16 జీబీని ఒకే కర్రగా వేస్తే దారి సగమై ఆట తడబడుతుంది. 8 జీబీ కర్రలు రెండు వేయించుకోవాలి. ‘తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు’ అనే మాట ఈ ప్రాసెసర్ల విషయంలో వినవద్దు.

కార్డు కొనగలిగితే కోర్ ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600 వంటివి పరిశీలించవచ్చు. ఇంటెల్ పేరు చివరి ‘ఎఫ్’ అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. రైజెన్ 5 5600లోనూ ఉండదు, దాని చివర ‘జీ’ ఉంటేనే ఉంటుంది. ఎఫ్ ప్రాసెసర్ తెచ్చి కార్డు కొనకుండా బిగిస్తే తెరపై బొమ్మే రాదు.

కార్డు కొనేవారు ప్రాసెసర్‌కన్నా కార్డుపైనే ఎక్కువ ఖర్చు పెట్టాలి. సాధారణ ఫుల్ హెచ్‌డీ తెరకు 8 జీబీ ఆర్ఎక్స్ 6600 స్థాయి కార్డు, ఐ3-12100ఎఫ్ జత చక్కగా కుదురుతుంది. ఖరీదైన ప్రాసెసర్‌కు 4 జీబీ కార్డు తగిలిస్తే ఎద్దు ఒక పక్క, దూడ ఒక పక్క కట్టిన బండే. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు విషయంలో మరో జాగ్రత్త అవసరం. అది మదర్‌బోర్డుతో నాలుగు దారుల్లోనే మాట్లాడుతుంది. పాత పీసీఐఈ 3.0 పద్ధతిలో పనిచేసే 5600జీకి జత చేస్తే వేగం మరింత తగ్గుతుంది.

ర్యామ్ ధరల మంట

2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాలకు మెమరీ చిప్‌లు తరలిపోవడం ఇందుకు ప్రధాన కారణం. క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్ముతూ వచ్చిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. ధరలు ఇలా మారుతున్నందునే ఈ కథనంలో రూపాయల లెక్క ఇవ్వడం లేదు. ఇంట్లో డీడీఆర్4 ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంటే ఆ కర్రలను పారేయకూడదు. 5600జీకి అవే సరిపోతాయి. ఇంటెల్ పన్నెండో తరానికి డీడీఆర్4 బోర్డులూ, డీడీఆర్5 బోర్డులూ వేర్వేరుగా ఉన్నాయి. ఒకదాని ర్యామ్ మరొకదానిలో దిగదు. ఏఎం4 బోర్డు పాత సరుకైతే 5000 వరుస ప్రాసెసర్‌కు బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని అడగాలి.

కరెంటు, ఎండ

అందరూ చివరలో మిగిలిన సొమ్ముతో కొనేది ఎస్ఎంపీఎస్. ఈ విలేకరి ఇంట్లోనూ అదే జరిగింది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన పేరులేని ఎస్ఎంపీఎస్ ఒక వర్షాకాలపు రాత్రి కాలిపోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోయింది. ఆర్ఎక్స్ 6600కు గరిష్ఠంగా 132 వాట్లు కావాలి. పేరున్న సంస్థ తయారుచేసిన, 80 ప్లస్ గుర్తింపు గల 500 వాట్ల ఎస్ఎంపీఎస్ దానికి చాలు. ఊళ్లలో వోల్టేజీ నిలకడగా ఉండదు కనుక యూపీఎస్ కూడా లెక్కలో చేర్చుకోవాలి. కేబినెట్‌ను తాకితే చురుక్కుమంటే యంత్రాన్ని నిందించేముందు ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయాలి.

మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కంప్యూటర్ టేబుల్ కింది మూసిన గూటిలో కేబినెట్‌ను ఇరికిస్తే లోపలి వేడి బయటకు పోదు. ముందు జాలీ, కనీసం రెండు ఫ్యాన్లు ఉన్న కేబినెట్ ఎంచుకోవాలి. రంగురంగుల లైట్లకు పెట్టే సొమ్మును ఎస్‌ఎస్‌డీకి మళ్లిస్తే మేలు.

పక్కా బిల్లు ఉంటేనే..

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి విడిభాగాలు కొనేవారు ఉన్నారు. అక్కడ పది దుకాణాల ధర తెలుస్తుంది, నిజమే. అయితే ఒక భాగం చెడితే మళ్లీ అంత దూరం పోవాలి. స్థానికంగా కొంత ఎక్కువైనా, బిగించి ఇచ్చి బాధ్యత తీసుకునే దుకాణమైతే ఆ ఖర్చు వృథా కాదని చెప్పవచ్చు. ఎక్కడ కొన్నా 18 శాతం జీఎస్‌టీతో పక్కా బిల్లు, దానిపై ప్రతి భాగం సీరియల్ నంబరు ఉండాలి. సీలు పెట్టెలో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ ఉంటుంది. పెట్టె లేకుండా ‘ట్రే’ రూపంలో అమ్మేవాటికి ఆ వారంటీ వర్తించదు.

సెకండ్ హ్యాండ్ కార్డులు కొనేవారు అరగంటైనా ఆట ఆడించి చూడాలి. 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఎన్నో పాత సామాను మార్కెట్‌కు చేరాయి.

వారంటీ ఉండీ దుకాణదారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు కొనుగోళ్లపై ఫిర్యాదుకు రుసుము లేదు.