మా వైపు బరువులు

సంక్రాంతికో, అమ్మవారి పండక్కో సంగిడి ఎత్తే పోటీ పెట్టకపోతే మా వైపు ఊళ్లకు ఏదో వెలితి. ఆ రాయి ఎన్ని కిలోలో ఎవరూ అడిగేవారు కాదు. ఎత్తినవాడి పేరే దాని తూకం. ఏనుగును గుండెల మీద ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడిది వీరఘట్టం. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. మా తాత ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా మీసం సవరించుకునేవాడు, తనే ఎత్తినట్టు. అంతా మగవాళ్ల సందడే. ఆడవాళ్లు అరుగుల మీంచి చూసేవారు.

ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో ఆ తీరు మారింది. నీలంశెట్టి అప్పన్న గారు బరువులు నేర్పిన చోటును జిమ్ అనడానికి నోరు రాదు. అదొక పాక. రైల్వే పోలీసు కానిస్టేబుల్ గారి ఆడపిల్లలు ఇనుము పట్టింది అక్కడే. అక్క నరసమ్మ వెనకాలే మల్లీశ్వరీ వెళ్తే, బక్కపిల్ల, దీనివల్ల కాదన్నారట. తల్లి శ్యామల గారు ఊరుకోలేదు. ఆ బక్కపిల్లే 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో ప్రపంచ విజేత.

ఇనుముతో ఒక సుఖముంది. ఊసవానిపేటలో వంద కిలోలు చైనాలోనూ వందే. ఎత్తింది ఎవరని బార్ అడగదు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే 2000లో, సిడ్నీలో. సెప్టెంబరు 19న, 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. ఆఖరిసారి 137.5 అడిగింది. అది నిలిచుంటే బంగారమే. నిలవలేదు, కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మా పక్కూరి పిల్ల! "ఆడగుంట ఎత్తీసిందిరా!" అని మా వీధి పెద్దాయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. ఆ 137.5 దగ్గర కొంచెం తగ్గి అడిగుంటే బాగుణ్ణని టీకొట్టు దగ్గర ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ అడగడమే నచ్చింది.

విజయనగరం వైపు నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడదీ ఇదే పిచ్చి. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడోస్థానంలో నిలిచింది. మొదటిస్థానం వచ్చినామె డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి కాంస్యం రజతమైంది.

మా రామమందిరం పక్కన పాత సంగిడి ఇంకా ఉంది, సగం మట్టిలో. మొన్న పండక్కి వచ్చిన మనవరాలు రెండు చేతులా పట్టి గుంజింది. కదల్లేదు. చేతులు దులుపుకుని, "ఇది ఎన్ని కిలోలు తాతా?" అంది. కాటా తెప్పించమని వాళ్ల నాన్నకి చెప్పాను.