జానెడు మొదలు సెంటీమీటరు వఱకు: ప్రాథమిక పాఠశాలలో కొలత బోధన

మన ప్రాథమిక పాఠశాలలలో ఉపాధ్యాయుడు కొలతల పాఠమునకు వచ్చినంతనే నల్లబల్లపై 100 సెంటీమీటర్లు 1 మీటరనియు, 1000 మీటర్లు 1 కిలోమీటరనియు, 1000 గ్రాములు 1 కిలోగ్రామనియు వ్రాయుటయు, బాలురు దానిని ఎక్కమువలె వల్లించి మఱునాడు మీటర్లను సెంటీమీటర్లుగా మార్చు లెక్కలలో దిగుటయు చిరకాలముగా నడచుచున్న ఆచారము. ఆ లెక్కలను తప్పులేకుండ చేసిన బాలునే పిలిచి, తాను కూర్చున్న బల్ల ఎన్ని సెంటీమీటర్ల పొడవుండునని యడిగినచో, పదియనియో వేయియనియో నోటికి వచ్చిన సంఖ్యను చెప్పుట ఉపాధ్యాయులకు క్రొత్త యనుభవము కాదు. అతడు నేర్చినది నూఱుతో గుణించుట, వేయితో భాగించుట. కొలతయనగా, ఒక వస్తువునందలి నిడివినో బరువునో పట్టునో ఎన్నుకొని, అదే గుణము గల చిన్న వస్తువు నొకదానిని తీసికొని, నడుమ సందు విడువకయు, ఒకదానిపై నొకటి పడనీయకయు, మరల మరల దానితో పోల్చి, ఎన్ని పర్యాయము లయ్యెనో లెక్కించి, మిగిలిన శేషమును గూర్చి యొక నిర్ణయము చేసికొనుట. ఈ క్రియ బాలుని చేతిలో జరుగకముందే పట్టిక అతని నోటికి చేరుటయే మన బోధనలోని మూలదోషమనియు, ఆ క్రియకు వలసిన భావసామగ్రిని తెలుగు బాలుడు బడికి రాకముందే తన భాషలో సంపాదించుకొని వచ్చుచున్నాడనియు చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

తెలుగున 'ఎడు' అను చిన్న ప్రత్యయము కలదు. దానిచేత జాన జానెడగును; మూర మూరెడు, బార బారెడు, సోల సోలెడు, కుంచము కుంచెడు, పుట్టి పుట్టెడు అగును. ఇవి వాడుకలో స్థిరపడిన మానములు. మన భాష అంతటితో తృప్తి చెందక గుప్పెడు, పిడికెడు, దోసెడు, చారెడు, గరిటెడు, చేటెడు, గంపెడు, కడవెడు అనుచు కంటబడిన ప్రతి పాత్రను, శరీరమునందలి అవయవమును ప్రమాణముగా చేసికొనుచునే యున్నది. పొద్దు బారెడెక్కినదన్నప్పుడు నిడివి కాలమునకు కొలబద్ద యైనది. పుట్టెడు దుఃఖమన్నప్పుడు ధాన్యపుగొలత మనస్సునకు కొలత యైనది. నేను గమనింపుమని కోరునది వేఱొకటి. గరిటె తెమ్మనుటకును, గరిటెడు తెమ్మనుటకును గల భేదము వంటయింట తిరుగు నాలుగేండ్ల పిల్లకు తెలియును. మొదటిది వస్తువు, రెండవది పరిమాణము. వస్తువునుండి పరిమాణమును వేఱుచేసి చూచుటయే కొలతకు సంబంధించిన భావములలో మిక్కిలి కష్టమైనది. అట్టి దానిని ఒక ప్రత్యయము ఇంత సులభముగా శిశువు నాలుకపై నిలిపినది. ఈ భాషాసంపదను పాఠమునకు ముఖద్వారముగా నిలుపుకొనక పోవుట మనకు గొప్ప నష్టము.

పట్టికను ముందు చెప్పు పద్ధతి నేటిది కాదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున మొదటి అధికారము సంజ్ఞలకును పరిభాషలకును ఉద్దిష్టమైనది. క్షేత్రము, కాలము, ధాన్యము, సువర్ణము మున్నగువాని మానములు అందు ముందుగా చెప్పబడినవి. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన ఈ గ్రంథమును పద్యరూపమున తెనిగించి తెలుగున శాస్త్రవాఙ్మయమునకు దారి తీసెను. అయినను ఆ కాలపు విద్యార్థికి పరిభాష యొక జ్ఞాపిక మాత్రమే. కళ్ళములో ధాన్యము కొలుచుటను, దుకాణములో తూచుటను అతడు కన్నులార చూచియుండెను. ప్రాంతభేదములను అట్లుంచినచో, నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి అను వరుసలో సోల మొదలు కుంచము వఱకు ప్రతి మెట్టును రెట్టింపే యగుట గమనింపదగినది. తూకములోను నలువది పలముల వీశెకు సగము అరవీశె, దానిలో సగము పదలము, అందు సగము ఏబలము. చేతితో సగముచేసి కన్నుతో సరిచూడగల వ్యవస్థ యిది.

1956 డిసెంబరులో తూనికలు కొలతల ప్రమాణముల శాసనము వెలువడినది. 1957 ఏప్రిల్ 1న పదునాఱణాల రూపాయి నూఱు నయాపైసల రూపాయి యయ్యెను. 1958 అక్టోబరులో మెట్రిక్ మానముల ప్రవేశమారంభమై, 1962 నాటికి వీశెలును సేర్లును వ్యవహారమునుండి శాసనరీత్యా తొలగిపోయెను. ఈ సంస్కారము దేశమునకు మహోపకారము చేసినది. ఒక జిల్లాలోని మానిక మఱియొక జిల్లాలోని మానికతో సరిపోని దుస్థితి నశించినది. అణాలు పైసలు దమ్మిడీలుగా విడదీసి చేయు మిశ్రలెక్కల భారము బాలుర భుజములనుండి దిగినది. అయితే ఒక సోల పోయి రెట్టింపు తవ్వ రాగా కంటికి కనబడిన సంబంధము, గ్రామునకును కిలోగ్రామునకును నడుమనున్న వేయిరెట్ల దూరమున కనబడదు. ఒక గ్రామును అఱచేత నుంచినచో బాలునికి బరువే తోపదు. క్రొత్త మానములకు చేతి యనుభవము మునుపటికంటె నధికముగా కావలసి యుండగా మనము పట్టికను మాత్రము మార్చి బోధనను పూర్వరీతినే యుంచితిమి.

బాలుని మనస్సున కొలత ఎట్లు రూపుదిద్దుకొనునో పరిశీలించిన వారిలో స్విట్జర్లాండు దేశస్థుడైన జాన్ పియాజే అగ్రగణ్యుడు. ఇన్హెల్డర్, షెమిన్‌స్కా అను సహచరులతో గూడి ఆయన 1948లో శిశువు యొక్క జ్యామితీయ భావములపై ప్రకటించిన గ్రంథమున ఒక ప్రయోగము కలదు. ఒక బల్లపై దిమ్మెలతో కట్టిన గోపురమును చూపి, వేఱొక యెత్తున నున్న మఱియొక బల్లపై, వేఱు పరిమాణముగల దిమ్మెలతో, అంతే యెత్తు గోపురమును కట్టుమని పిల్లలను కోరుదురు. మిక్కిలి చిన్నవారు కన్నుతో చూచి రెండు కొనలు సమముగా నున్నవనుకొని తృప్తిపడుదురు. బల్లల యెత్తులోని భేదము వారికి పట్టదు. కొంత పెద్దవారు తమ చేతులను ఎడముగా పట్టుకొని, లేదా తమ దేహముపై గుర్తు నిలుపుకొని, ఆ గోపురమునుండి ఈ గోపురమునకు నడచివత్తురు. తరువాతివారు గోపురమంత పొడవు గల కఱ్ఱను వెదకికొందురు. తుదకు ఒక చిన్న దిమ్మెనే తీసికొని మెట్టుమెట్టుగా పైకి జరుపుచు లెక్కించువారు కనబడుదురు. ఇందు జానకును మూరకును గల స్థానము స్పష్టము. దేహముతో కొలుచుట కన్నుతో పోల్చుటకును, ప్రమాణమును మరల మరల జరుపుటకును నడుమనున్న సోపానము. దానిని అనాగరికమైన పాతకొలతగా త్రోసివేసి నేరుగా స్కేలును చేతికిచ్చు ఉపాధ్యాయుడు మధ్యమెట్టును తీసివేసి పైమెట్టెక్కుమని పిల్లవానిని కోరుచున్నాడు.

స్కేలు చూచుటకు సులభమైన వస్తువు. అర్థమున మిక్కిలి కష్టమైనది. సున్నవద్ద విఱిగి మూడునుండి మొదలగు స్కేలు ముక్కను బాలునికిచ్చి, ఒక పెన్సిలు మొదలును మూడువద్దను కొనను ఎనిమిదివద్దను ఉంచి, నిడివి యెంతయని యడిగి చూడుడు. కొందఱు ఎనిమిది యందురు, ఏలయన కొన వద్దనున్న అంకెయే నిడివియని వారి నమ్మకము. మఱికొందఱు మూడు, నాలుగు, అయిదు, ఆఱు, ఏడు, ఎనిమిది అని గీతలను లెక్కించి ఆఱందురు. ఈ రెండవ తప్పు మొదటిదానికంటె విలువైనది. ఆ పిల్లవాడు లెక్కింపవలెనని యెఱిగినాడు, ఏమి లెక్కింపవలెనో యెఱుగడు. గీతలు హద్దురాళ్ళు మాత్రమే. కొలత వాని నడుమనున్న సందులలో నున్నది.

ఈ సూక్ష్మమును బోధించుటకు మన వాకిళ్ళలోని ముగ్గుకంటె మంచి ఉపకరణము నాకు తోచుటలేదు. వరుసకు అయిదు చుక్కలు పెట్టిన బాలికను చుక్కకు చుక్కకు నడుమ ఎన్ని యెడములున్నవని యడిగినచో, ముందు అయిదనును, పిదప వ్రేలితో చూపుచు నాలుగనును. ఆ దిద్దుబాటు ఆమె స్వయముగా చేసికొనినది కావున స్థిరముగా నిలుచును. అటుపిమ్మట ఒక త్రాటిపై చింతపిక్క నిడివికి సరిగా ముడులు వేయించి, ఆ త్రాడే స్కేలని చెప్పినచో గీతయన నేమో, సందన నేమో వేఱుగా వివరింపనక్కఱలేదు. అయిదు వరుసలలో అయిదేసి చుక్కలు పెట్టి కలిపినచో చుక్కలు ఇరువదియైదు, గళ్ళు పదునాఱు. వైశాల్యమును నేర్పవలసినప్పుడు అదే ముగ్గు మరల పనికివచ్చును. చుట్టుకొలతకును వైశాల్యమునకును గల భేదమెఱుగక రెండు భుజములను కలుపుటయో గుణించుటయో తేల్చుకొనలేని అయిదవ తరగతి బాలుడు గళ్ళను ఒక్కసారియైనను వ్రేలితో తాకి లెక్కించి యుండడు.

ప్రమాణము అందఱకు నొక్కటియై యుండవలెనను భావము ఉపాధ్యాయుని మాటచే కలుగదు, వివాదముచే కలుగును. పూలు అమ్ము ఆమె తన మోచేతినుండి వ్రేలికొన వఱకు మాల కొలిచి మూరయనును, కొనవచ్చిన ఇల్లాలు తన చేతితో మరల కొలిచి, "ఇది మూరెట్లయిందమ్మా?" అని నిలదీయును. ఈ సంవాదమును వినని పట్టణపు బాలుడైనను అరుదు. తరగతిలో ఒకే మాలను పొట్టిచేతి వానిచేతను, పొడుగుచేతి వానిచేతను కొలిపించి, నాలుగు మూరలు ఒకరికి, మూడున్నర మఱియొకరికి వచ్చినప్పుడు, ఎవరి లెక్క తప్పని ఉపాధ్యాయుడు అడుగవలెను. ఎవరిదియు తప్పుకాదని గ్రహించుట, ప్రమాణము పెద్దదైనకొలది సంఖ్య చిన్నదగుననుట, మీటరు మనకేల కావలసెననుట, ఈ మూడును ఆ పూలమాల చుట్టునే లభించును.

పట్టు విషయమున బాలుడు పొందు భ్రమ తెలిసినదే. చెంబులోని నీటిని సన్నని గాజులోటాలో పోసినచో ఎక్కువైనదనును. ఈ భ్రమను వాదముచే పోగొట్టరాదు. సోలతో బియ్యము కొలిచి వేర్వేఱు పాత్రలలో పోసి, మరల సోలలోనికి తిరుగబోయించుటయే మందు. అంచుతో సమముగా గీసి కొలిచిన సోలకును, రాశిగా పోసిన సోలకును భేదమును కూడ అప్పుడే చూపవలెను, ఏలయన కొలతలో నియమము యొక్క అవసరము అక్కడ తెలియును.

బరువునకు మాత్రము కొంచెమెక్కువ కాలము వ్యయింపదగును. ఇప్పటి దుకాణములలో అంకెలు వెలిగించు ఎలక్ట్రానిక్ కాటా బరువును చూపునే గాని పోలికను చూపదు. రెండు కొబ్బరిచిప్పలతో కట్టిన తక్కెడ పోలికనే చూపును. ముందు చింతపిక్కలతో తూచి, పిదప నిజమైన రాళ్ళను తెప్పింపవచ్చును. సంతలో పావుకిలో యనెడి మాట పాతకాలపు సగము సగములనే మెట్రిక్ మానమున నిలుపుకొన్నది. వాడుకలోని రాళ్ళలో రెండువందల యేబది గ్రాముల రాయి లేదు, కావున వర్తకుడు 200, 50 గ్రాముల రాళ్ళను కలిపి వేయును. దీనినుండి యొక చక్కని సమస్య పుట్టును. 50, 100, 200, 500 గ్రాముల రాళ్ళు ఒక్కొక్కటియే యున్నచో ఏయే బరువులు తూచగలము? బాలురు క్రమముగా 350 వఱకు వచ్చి ఆగుదురు. 400, 450 ఎట్లు కూడినను రావు. 500 మొదలు 850 వఱకు మరల వచ్చును. ఎవరో యొకరు ఐదువందల రాయి నొక పళ్ళెమునను, నూఱు గ్రాముల రాతిని వంకాయలతోడనే రెండవ పళ్ళెమునను వేయుదమనువఱకు ఉపాధ్యాయుడు మౌనము వహింపవలెను. తీసివేతకు తక్కెడలో గల స్థానమును ఆ బాలుడు తానే కనుగొన్నవాడగును.

కాలమును గూర్చి యిచ్చట విస్తరింపను. గడియారము చూచుట వేఱు, ఎంతసేపు పట్టెనో కొలుచుట వేఱను భేదము నుపాధ్యాయుడు పాటించిన చాలును.

నలువదిమంది పిల్లలు గల తరగతిలో ఒకే ఉపాధ్యాయుడు ఇన్ని క్రియలు చేయింపగలడా యను ప్రశ్న న్యాయమైనది. త్రాడు, చిప్పలు, పిక్కలు, ముగ్గుపిండి ఖర్చులేనివే, కావలసినది కాలము. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము బాలుని ఆలోచనను గణితమయము చేయుటయే లక్ష్యమని చెప్పినను, పరీక్షాపత్రము 3 మీటర్లకు ఎన్ని సెంటీమీటర్లని అడుగుచున్నంతకాలము ఆ కాలము దొరకదు. కావున మార్పు ప్రశ్నపత్రమునుండి మొదలుకావలెనని నా దృఢాభిప్రాయము. నీ బల్ల పొడవును నీకు తోచిన దానితో కొలిచి వ్రాయుమని అడుగవచ్చును. ఏడు జానలును, మీద నాలుగు వ్రేళ్ళును అని యొక బాలుడు వ్రాసినచో అతనికి పూర్తి మార్కులీయవలెను, ఏలయన ఏడని ఆపివేయక శేషమును వేఱొక చిన్న ప్రమాణముతో పట్టుకొన్నాడు. అతనికి వేయవలసిన తరువాతి ప్రశ్నయు ఆ జవాబులోనే కలదు: నాలుగు వ్రేళ్ళ బెత్తెడు ఒక జానలో ఎన్ని పర్యాయములు పట్టును? మూడు సారులు చేతిని ప్రక్కప్రక్కన మోపి చూచుకొన్న పిమ్మట, తన బల్ల ఏడు జానలును ఇంచుమించు మూడవవంతును అని అతడు తన వ్రాతను తానే దిద్దుకొనును.