వాసుదాసుగారి వానప్రస్థం: కడప సీమలోని ఒక దృష్టాంతం

ఉద్యోగబంధం నుండి కాలానికి ముందే విముక్తి పొంది, మహానగరం విడిచి కడప వంటి మధ్యస్థాయి నగరంలో స్థిరపడాలన్న సంకల్పం నేడు పలువురిలో కలుగుతున్నది. అక్కడ నిత్యవ్యయం మితం. తిరుమల కూడా దూరం కాదు. ఈ గణన దోషం కాదు. అయితే మన ధర్మశాస్త్రం ఈ దశకు వానప్రస్థమని పేరిడి, మరొక ప్రశ్నను కూడా ముందుంచింది: విడిచిన పిమ్మట దేనిని ఆశ్రయించాలి?

ఆ ప్రశ్నకు కడప మండలంలోనే ఒక మహనీయుని జీవితం సమాధానమై నిలిచింది. ఆయన ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు. 1863లో జమ్మలమడుగులో జన్మించారు. 1883లో ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో చిరుద్యోగిగా ప్రవేశించి, రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పదవి వరకు ఎదిగారు. 1904లో, నలుబది యొక్క ఏండ్ల ప్రాయంలో, ఆ మార్గం విడిచి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులైనారు. 1920 వరకు అక్కడ బోధించారు.

పిదప ఆయన సుఖవిశ్రాంతిని కోరలేదు. కడపకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్ట కోదండరామాలయం అప్పటికి జీర్ణదశలో ఉన్నది. దాని పునరుద్ధరణకై వాసుదాసు అన్న దాసనామంతో, టెంకాయచిప్ప చేతబూని ఊరూరా భిక్షాటనం చేశారు. ఆ భిక్ష స్వోదరపోషణకు కాదు, సర్వం రామకైంకర్యానికే. వాల్మీకి రామాయణాన్ని పద్యరూపంలో తెనిగించి, ‘మందరం’ అను విస్తృతవ్యాఖ్యను రచించినవారూ ఆయనే. తెనాలి సమీపంలోని అంగలకుదురులో ఆశ్రమం నెలకొల్పారు. 1936లో పరమపదించారు.

వాసుదాసుగారి త్యాగం అందరికీ సాధ్యం కాదు. శాస్త్రం కూడా దానిని అందరికీ విధించలేదు. తల నెరసి, సంతానానికి సంతానం కలిగిన పిమ్మట, భార్యను పుత్రుల రక్షణలో ఉంచి గాని, వెంట తోడ్కొని గాని వనానికి వెళ్లుమని మనుస్మృతి చెప్పింది. అనగా ఆశ్రితుల యోగక్షేమమే ప్రథమకర్తవ్యం. నేటి గృహస్థునికి దీని అర్థం స్పష్టమే: ఋణవిమోచనం, సంతానవిద్య, రోగకాలానికి వలయు నిధి, సహధర్మచారిణి సమ్మతి. రాయలసీమ అనావృష్టి సీమ కనుక, ఇల్లు కొనుటకు పూర్వం నీటివసతిని విచారించడం కూడా వివేకమే.

ఇవి సిద్ధించిన తరువాతనే అసలు పరీక్ష ఆరంభమవుతుంది. వ్యయం తగ్గినందువలన మనకు లభించేది కాలం. ఆ కాలాన్ని నింపే స్వాధ్యాయమో, సేవయో ముందే అలవడకపోతే, నగరంలోని అశాంతియే మన వెంట కడపకూ వస్తుంది. సుబ్బారావుగారు రామాయణరచనను ఉద్యోగకాలంలోనే సాగించి, దానిని ఒంటిమిట్ట రామునికే సమర్పించారు. కనుక 1920లో ఆయన శూన్యంలోకి అడుగుపెట్టలేదు; చిరకాలంగా తన హృదయం నివసిస్తున్న చోటికే చేరుకున్నారు. ముముక్షువులు పదవీవిరమణకు సంవత్సరం నిర్ణయించుకొనుటకు ముందే, నిత్యం ఒక ఘడియనైనా ఆ భావిజీవనానికి కేటాయించుట శ్రేయస్కరం.

శ్రీకోదండరామార్పణమస్తు.